పట్టాలున్నాయి... లోకల్ రైలే లేదు

పొద్దున ఏడున్నర దాటిందంటే అనకాపల్లి వైపు నుంచి విశాఖపట్నం వచ్చే జాతీయ రహదారి మీద కూర్మన్నపాలెం, గాజువాక, షీలానగర్, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు కూడళ్లు వరసగా బిగుసుకుంటాయి. ఫార్మా కంపెనీల బస్సులు, ఉక్కు కర్మాగారం షిఫ్టు బస్సులు, పోర్టు లారీలు, కాలేజీ బస్సులు, షేర్ ఆటోలు, వాటి సందుల్లోంచి దూరే బైకులు... అన్నింటికీ అదే దారి. ఎన్‌ఏడీ దగ్గర ఫ్లైఓవర్ కట్టాక అక్కడ కాస్త ఊపిరాడింది గానీ రద్దీ ముందు కూడలికి జరిగింది. ఒకపక్క సముద్రం, ఒకపక్క సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ అడ్డు నిలిచిన ఊరిది. పొడవునా సాగడమే తప్ప వెడల్పుగా విస్తరించే వీలు లేదు. 2011 లెక్కల నాటికే 17 లక్షలు దాటిన జనాభా ఆ తర్వాత పెందుర్తి, కొత్తవలస, అనకాపల్లి, విజయనగరం దారుల వెంట అల్లుకుపోయింది. ఇలాంటి ఊరికి రోడ్డొక్కటే గతి అని మనం ఎందుకు ఒప్పుకున్నాం? విద్యుదీకరణ పూర్తయిన, సిగ్నళ్లున్న, స్టేషన్లున్న రైలుమార్గం ఇవే ఊళ్లను కలుపుతూ మన కళ్లముందే ఉంది. లోకల్ రైళ్ల కోసం విశాఖకు కొత్తగా దారి వేయనక్కర్లేదు. ఉన్న దారిలో రోజూ పనికి వెళ్లొచ్చే మనిషికి ఒక వాటా, ఒక నికరమైన వేళ రాసివ్వాలి. ఇప్పుడు ఇదే దారిలో అదనపు లైన్లకు శంకుస్థాపనలు జరుగుతున్నాయి. ఆ లైన్లు పూర్తయి గూడ్సు బళ్లతో నిండిపోకముందే ఆ వాటా తేల్చుకోవాలన్నది ఈ కథనం వాదన.

విశాఖ రైలుమార్గం ఆకారం చూస్తే ఈ మాట ఎందుకో తెలుస్తుంది. హావ్‌డా - చెన్నై ప్రధాన మార్గంలో పెద్ద స్టేషనే అయినా విశాఖపట్నం నిజానికి ఒక కొస. ఈ స్టేషన్ దాటి ముందుకు వెళ్లే పట్టాలు పోర్టుకు పోతాయి తప్ప మరో ఊరికి పోవు. విజయనగరం నుంచి కొత్తవలస, పెందుర్తి, ఉత్తర సింహాచలం మీదుగా ఒక మార్గం, అనకాపల్లి నుంచి తాడి, దువ్వాడ మీదుగా మరో మార్గం వచ్చి గోపాలపట్నం ప్రాంతంలో కలుస్తాయి. అక్కడి నుంచి మర్రిపాలెం మీదుగా ఒకే కట్టగా ఊళ్లోకి వస్తాయి. అచ్చం పంగలకర్ర ఆకారం. పిడి విశాఖ, రెండు కొమ్మల చివర విజయనగరం, అనకాపల్లి. రైలు దూరం చూస్తే విశాఖ నుంచి దువ్వాడ 17 కిలోమీటర్లు, అనకాపల్లి 33, విజయనగరం 61. చెన్నైలో బీచ్ స్టేషన్ నుంచి తాంబరానికి ఉన్నది దాదాపు 30 కిలోమీటర్లే. అంటే దేశంలో లోకల్ రైళ్లు బాగా నడిచే దూరాలే ఇక్కడా ఉన్నాయి. ఈ కొమ్మల వెంట ఏమున్నాయో కూడా చూడాలి. దువ్వాడ పక్కనే ప్రత్యేక ఆర్థిక మండలి, అక్కడికి దగ్గర్లోనే కూర్మన్నపాలెం, ఉక్కునగరం. తాడి స్టేషన్‌కు కొద్ది కిలోమీటర్లలో పరవాడ ఫార్మాసిటీ. 2022లో జిల్లా కేంద్రమైన అనకాపల్లి. ఇంకాస్త ముందుకు వెళ్తే యలమంచిలి, అక్కడి నుంచి అచ్యుతాపురం సెజ్. ఇటు విజయనగరం వైపు కొమ్మ మీద వేపగుంట, పెందుర్తి కాలనీలు, చవగ్గా ఇళ్ల స్థలాలు దొరుకుతాయని జనం తరలిపోయిన కొత్తవలస, చదువులకు పేరున్న విజయనగరం. బీచ్‌రోడ్డు బొమ్మల్లో కనిపించే విశాఖ వేరు. జీతాలు పుట్టే విశాఖ చాలామటుకు ఈ పట్టాల పక్కనే ఉంది.

మరి ఇన్నాళ్లూ ఈ పట్టాల మీద లోకల్ రైళ్లు ఎందుకు రాలేదు? దీనికి జవాబు చరిత్రలో ఉంది. 1893 - 96 మధ్య విజయవాడ నుంచి కటక్ దాకా తూర్పుతీర రైలుమార్గం పడింది. 1931లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వాళ్లు రాయపూర్ - విజయనగరం మార్గం పూర్తిచేశారు. మధ్య భారతం సరకు సముద్రానికి చేరాలన్నది దాని ఉద్దేశం. రెండేళ్లకే, 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమైంది. 1960ల్లో తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస - కిరండూల్ మార్గం వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేయడానికి. ఆ తర్వాత ఉక్కు కర్మాగారం, గంగవరం పోర్టు... ప్రతిదానికీ తన పట్టాలు, తన గూడ్సులు. విశాఖ కేంద్రంగా ఉన్న వాల్తేరు రైల్వే డివిజన్‌కు పేరు తెచ్చిందీ రాబడి తెచ్చిందీ సరకు రవాణాయే. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. ఆ సరకు లేకపోతే ఈ నగరమే ఇంతటిది అయ్యేది కాదు. కాకపోతే ఆ అలవాటు ఎంత బలపడిందంటే, వేల మంది పనిచేసే ఉక్కు కర్మాగారం గడప దాకా వెళ్లే పట్టాల మీద బొగ్గు వెళ్తుంది, ఖనిజం వెళ్తుంది, ఆ కర్మాగారంలో పనిచేసే మనిషి మాత్రం రోడ్డు మీద బస్సులో వెళ్తాడు. ఇది ఇలాగే ఉండాలని ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. ఇలా కాకుండా ఉండాలని కూడా ఎవరూ నిర్ణయించలేదు.

ఇప్పుడు ఈ మార్గంలో రోజువారీ ప్రయాణికుడికి దిక్కు ప్యాసింజర్లు, కొన్ని మెమూలు (తక్కువ దూరాలకు నడిచే విద్యుత్ రైళ్లు). వాటిలో చాలావరకు పలాస, రాయగడ, రాజమహేంద్రవరం లాంటి దూరపు ఊళ్ల రైళ్లు. పలాస నుంచి విశాఖకు సుమారు 200 కిలోమీటర్లు. ఆ దూరంలో ఎక్కడ ఆలస్యమైనా కొత్తవలసలో పొద్దున ఆఫీసుకు బయల్దేరినవాడి హాజరు పట్టీలో పడుతుంది. వెనక నుంచి ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే ప్యాసింజర్‌ను పక్కనున్న లూప్ లైన్‌లో పెడతారు. అన్నీ దాటుకుని గోపాలపట్నం దాకా వచ్చాక ప్లాట్‌ఫాం ఖాళీ లేదని ఔటర్‌లో ఆపుతారు. ఊరు కనిపిస్తూనే ఉంటుంది, దిగడానికి ఉండదు. ఇందుకు ప్యాసింజర్ సిబ్బందిని నిందించి లాభం లేదు. విశాఖ కొస స్టేషన్ కావడంతో హావ్‌డా వైపు నుంచి చెన్నై వైపు వెళ్లే రైలు ఊళ్లోకి వచ్చి, ఇంజిన్ ఈ చివర విప్పి ఆ చివర తగిలించుకుని, వచ్చిన దారినే గోపాలపట్నం దాకా తిరిగి వెళ్లాలి. అంటే ఒక్కో రైలు పిడి భాగాన్ని రెండుసార్లు వాడుకుంటుంది, ప్లాట్‌ఫాంను ఎక్కువసేపు పట్టుకుంటుంది. ఈ తతంగం పడలేకే కొన్ని రైళ్లను ఊళ్లోకి రానివ్వకుండా దువ్వాడ మీదుగా పంపేస్తున్నారు. ఆ రైళ్లు ఎక్కాల్సిన నగరవాసి అర్ధరాత్రో తెల్లవారుజామునో 17 కిలోమీటర్లు ఆటోలో పోవాలి, అడిగినంత ఇచ్చుకోవాలి.

కొవిడ్ తర్వాత ప్యాసింజర్లకు జరిగింది గుర్తుందా? రైళ్లను మళ్లీ పట్టాలెక్కించినప్పుడు వాటికి సున్నాతో మొదలయ్యే ప్రత్యేక రైళ్ల నంబర్లు ఇచ్చారు, ఎక్స్‌ప్రెస్ చార్జీ వసూలు చేశారు. పది రూపాయల కనీస టికెట్ ముప్పయ్ అయింది. 2024 ఫిబ్రవరి చివర్లో గానీ మళ్లీ పదికి రాలేదు. రోజూ తిరిగే కూలీకి, చిన్న ఉద్యోగికి ఆ ఇరవై రూపాయల తేడా నెలకు ఎంతవుతుందో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. ఈ మార్గంలో ఆ సున్నా నంబర్లకు మరో విషాద జ్ఞాపకం ఉంది. 2023 అక్టోబరు 29 సాయంత్రం విశాఖ నుంచి బయల్దేరిన పలాస ప్యాసింజర్‌ను, దాని వెనకే వెళ్లిన రాయగడ ప్యాసింజర్ కంటకాపల్లి - అలమండ మధ్య ఢీకొట్టింది. పద్నాలుగు మంది చనిపోయారు. రెండూ సున్నా నంబరు రైళ్లే. రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ రక్షణ వ్యవస్థ అప్పటికి ఆ సెక్షన్‌లో లేదు. లోకల్ రైళ్లు పెంచితే ప్రమాదాలు పెరగవా అని అడిగేవారు ఈ ఘటన వైపు వేలు చూపిస్తారు. చూపించాల్సిందే. అయితే ఆ వేలు రైళ్ల సంఖ్య మీదికి కాదు, రక్షణ మీదికి వెళ్లాలి. ఈ రెండు కొమ్మల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ రైళ్లు ముంబై లోకల్ లైన్ల మీద నిమిషాల తేడాతో నడుస్తున్నాయి. రైలు పరిగెత్తే ప్రతి లైన్‌లోనూ కవచ్ ఉండాలి, అది లోకల్ రైలుకు ముందస్తు షరతు కావాలి. ఆ పద్నాలుగు కుటుంబాలకు వ్యవస్థ పడిన బాకీ అది.

విశాఖకు కావాల్సిన సేవ ఎలాంటిదో ఇప్పుడు చెప్పొచ్చు. పొద్దున ఆరున్నర నుంచి పది దాకా, సాయంత్రం నాలుగున్నర నుంచి తొమ్మిది దాకా రెండు కొమ్మల మీదా అరగంటకో మెమూ. మిగతా వేళల్లో గంటకొకటి. పలాస నుంచో రాయగడ నుంచో కాకుండా విజయనగరంలోనే, అనకాపల్లిలోనే మొదలై విశాఖలో ముగిసేవి, అందువల్ల ఎక్కడి ఆలస్యాన్నో మోసుకురానివి. మెమూకు రెండు చివరలా డ్రైవర్ క్యాబిన్ ఉంటుంది కాబట్టి ఇంజిన్ మార్చే పని లేదు. విశాఖ లాంటి కొస స్టేషన్‌కు ఇదే అసలు మందు. వచ్చిన బండి ప్లాట్‌ఫాం మీద జనాన్ని దింపి, ఎక్కించుకుని, డ్రైవర్ అటు చివరికి నడిచి వెళ్లేంతలో తిరుగు ప్రయాణానికి సిద్ధమైపోతుంది. ఆగి కదిలేటప్పుడు వేగం త్వరగా అందుకుంటుంది కాబట్టి చిన్న స్టేషన్లలో ఆగినా ప్యాసింజర్ అంత సమయం తినదు. ఎనిమిది పెట్టెల కొత్తరకం మెమూలో నిలబడేవాళ్లతో కలిపి రెండు వేల మందికి పైగా పడతారు. సిటీ బస్సుకు డెబ్బై మంది చొప్పున వేసుకున్నా దాదాపు ముప్పయ్ బస్సులు రోడ్డు మీద తగ్గినట్టు. సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల దాకా రైల్వే ఇప్పటికే ఇస్తోంది. మొబైల్‌లో టికెట్ తీసుకునే వీలూ ఉంది. కొత్తగా కనిపెట్టాల్సింది ఏదీ లేదు.

దీనికి మొట్టమొదట వచ్చే అభ్యంతరం లైన్లు ఖాళీ లేవన్నది. ఇది గట్టి అభ్యంతరమే, తేలిగ్గా కొట్టేయడానికి లేదు. ఒక రైలు ఫలానా సెక్షన్‌ను ఫలానా వేళలో దాటడానికి టైంటేబుల్లో ఇచ్చే అవకాశాన్ని రైల్వేవాళ్లు పాత్ అంటారు. ఒక లైన్ మీద ఇన్ని పాత్‌లే ఉంటాయి. హావ్‌డా - చెన్నై ఎక్స్‌ప్రెస్‌లు, కిరండూల్ ఖనిజం బళ్లు, పోర్టు బొగ్గు బళ్లు అన్నీ ఇక్కడే పోటీ పడతాయి. పైగా ఉత్తర సింహాచలం దగ్గర విశాఖకు వెళ్లే బళ్లూ, ఊరిని తప్పించి దువ్వాడకు వెళ్లే బళ్లూ ఒకదాని దారికి మరొకటి అడ్డొస్తాయి. ఒకటి దాటేదాకా రెండోది సిగ్నల్ దగ్గర కాచుకోవాల్సిందే. ఈ చిక్కు విప్పడానికే పెందుర్తి - ఉత్తర సింహాచలం మధ్య రైల్ ఫ్లైఓవర్ తలపెట్టారు. ఒక మార్గం పైనుంచి, మరొకటి కింద నుంచి వెళ్తే ఎవరూ ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు. 2025 అక్టోబరు 16న కర్నూలు సభలో ప్రధానమంత్రి ఈ ఫ్లైఓవర్‌కూ, కొత్తవలస - విజయనగరం నాలుగో లైనుకూ శంకుస్థాపన చేశారు. అంటే లైన్లు చాలవన్న సంగతిని రైల్వే కూడా ఒప్పుకుంది, పరిష్కారానికి డబ్బూ కేటాయించింది. ఇక తేలాల్సింది ఆ కొత్త సామర్థ్యం ఎవరికన్నదే. మూడో లైను వచ్చినప్పుడు ప్యాసింజర్ ప్రయాణికుడి రాత మారలేదు. ముందుగా రాసుకోకపోతే నాలుగో లైనుతోనూ మారదు. ఖాళీ ఏర్పడిన చోటికి గూడ్సులు వాటంతటవే వచ్చి చేరతాయి, ఎందుకంటే వాటి వెనక టన్నుల లెక్క, రాబడి లెక్క ఉన్నాయి. లోకల్ రైలు వెనక అలాంటి లెక్క చెప్పే అధికారి లేడు. అందుకే పాత్‌ల కేటాయింపు పట్టాలు పడకముందే కాగితం మీద పడాలంటున్నది. ఉక్కు కర్మాగారానికి ముడిసరకు ఆగకూడదన్న మాట నిజం. కానీ అడుగుతున్నది రోజంతా కాదు. పొద్దున మూడున్నర గంటలు, సాయంత్రం నాలుగున్నర గంటలు లోకల్ రైళ్లకు ముందు వరస. మిగతా పదహారు గంటలూ, రాత్రి మొత్తంతో సహా, సరకుకు ఉండనే ఉన్నాయి.

రెండో అభ్యంతరం, పట్టాలు ఉన్న చోట జనం లేరన్నది. ఎంవీపీ కాలనీకి, మధురవాడకు, రుషికొండకు, భీమిలికి రైలు లేదు. ఐటీ కంపెనీలు అటువైపే. నిజమే, లోకల్ రైలు అక్కడి సమస్యను తీర్చదు, తీరుస్తుందని చెప్పడం మోసం. కానీ నగరానికి సముద్రం వైపు ఒక ముఖం ఉంటే, పడమటి వైపు పరిశ్రమల ముఖం ఇంకోటి ఉంది. ఈ రెండో విశాఖకు ఇప్పటికే పట్టాలున్నాయి. విశాఖ మహానగర ప్రాంతాభివృద్ధి సంస్థ పరిధి విజయనగరం, అనకాపల్లి దిశగా విస్తరించి ఉంది. నీతి ఆయోగ్ ఆర్థిక వృద్ధి కేంద్రాలుగా ఎంచుకున్న నగర ప్రాంతాల్లో విశాఖ ఒకటి. పాలకులు తమ ప్రణాళికల్లో ఈ ఊళ్లన్నింటినీ ఒకే నగరంగా చూస్తున్నప్పుడు వాటి మధ్య రాకపోకలను మాత్రం పరాయి ఊళ్ల ప్రయాణంలా వదిలేయడం కుదరదు. రైలు దిగాక చివరి మూడు నాలుగు కిలోమీటర్ల సంగతి వేరే చూడాలి. తాడిలో దిగిన కార్మికుడికి ఫార్మాసిటీ దాకా బస్సు లేకపోతే ఆ రైలు అతనికి లేనట్టే. ఫార్మా కంపెనీలు ఇప్పుడు నగరంలోని వీధివీధికీ పంపే బస్సుల్లో కొన్నింటిని తాడి, దువ్వాడ స్టేషన్లకు తిప్పితే చాలు. వాటికి డీజిలు మిగులుతుంది, కార్మికుడికి నిద్ర మిగులుతుంది.

మెట్రో వస్తుందిగా, లోకల్ రైలెందుకు అనేవాళ్లూ ఉన్నారు. విశాఖ మెట్రో తొలిదశకు రాష్ట్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో ఆమోదం తెలిపింది. మూడు కారిడార్లు, దాదాపు 46 కిలోమీటర్లు, అంచనా 11,498 కోట్ల రూపాయలు. ప్రధాన కారిడార్ ఉక్కు కర్మాగారం కూడలి నుంచి కొమ్మాది దాకా. ఈ నగరానికి మెట్రో అక్కర్లేదని చెప్పడం ఈ కథనం ఉద్దేశం కాదు. మధురవాడ వైపు వెళ్లే జనానికి అదే సరైన సమాధానం. అయితే మెట్రో అనకాపల్లికి వెళ్లదు, కొత్తవలసకు వెళ్లదు, విజయనగరానికి వెళ్లదు. మెట్రో ఊళ్లోని మనిషిని ఊళ్లో తిప్పుతుంది. ఊరి బయటి నుంచి రోజూ వచ్చే మనిషిని ఊళ్లోకి తెచ్చేది లోకల్ రైలు. రెండూ కలిసే చోటు మర్రిపాలెం - ఎన్‌ఏడీ ప్రాంతం. అక్కడ మెట్రో స్టేషన్‌కూ రైల్వే స్టేషన్‌కూ మధ్య నడకదారి వేయడానికి ఇప్పుడే, డ్రాయింగుల దశలోనే చోటు వదలాలి. తర్వాత వేయాలంటే కోట్లవుతాయి, కోర్టులవుతాయి. విశాఖకు ఇలాంటి పాఠం ఒకటి ఉంది. కేంద్ర పట్టణ పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కింద పెందుర్తి వైపూ సింహాచలం వైపూ ప్రత్యేక బస్సు మార్గాలు (బీఆర్‌టీఎస్) వేశారు. రోడ్డు వెడల్పయింది, మధ్యలో బస్సుకు వరస గీశారు. ఆ వరసలో బస్సు మాత్రం అనుకున్న తీరున నడవలేదు. జనం నోట ఇప్పటికీ అది బీఆర్‌టీఎస్ రోడ్డే. కట్టడం మీద పెట్టిన శ్రద్ధ నడపడం మీద పెట్టకపోతే ఏమవుతుందో తెలియడానికి విశాఖవాసి ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు.

2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం కదా, ఇక రైలెవరు ఎక్కుతారన్న అనుమానం కూడా సహజమే. ఈ స్త్రీశక్తి పథకం పేద ఇంటి ఆడపిల్లకు ఊరు దాటే ధైర్యం ఇచ్చింది. దాన్ని చిన్నచూపు చూడకూడదు. కానీ ఉచిత టికెట్ డబ్బును ఆదా చేస్తుంది, గాజువాక కూడలిలో పోయే ముప్పావుగంటను ఆదా చేయదు. పొద్దున వంట చేసి, పిల్లలను బడికి పంపి, తొమ్మిదికల్లా షాపులో కౌంటర్ దగ్గర నిలబడాల్సిన మహిళకు ఆ ముప్పావుగంట డబ్బుకన్నా తక్కువది కాదు. రాష్ట్రం బస్సుకు పెడుతున్న ఖర్చులో కొంత లోకల్ రైలు సీజన్ టికెట్‌కు మళ్లిస్తే అదే లబ్ధిదారుకు అదే మేలు రెండింతలవుతుంది. రద్దీ తగ్గిన బస్సులను రైలు లేని ఊళ్లకు పంపొచ్చు కూడా.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం హైదరాబాద్ నుంచి వస్తుంది. 2003 ఆగస్టు 9న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, రైల్వే సగం సగం భరించి ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు మొదలుపెట్టాయి. సికింద్రాబాద్, ఫలక్‌నుమా, లింగంపల్లి మధ్య నలభైకి పైగా కిలోమీటర్ల తొలిదశకు అయిన ఖర్చు 178 కోట్లు. ఉన్న పట్టాలను వాడుకుంటే ఎంత చవగ్గా నగర రైలు వస్తుందో దేశానికి చూపించింది తెలుగు రాజధానే. ఒకప్పుడు రోజుకు లక్షన్నర మంది ఎక్కిన ఆ సేవ తర్వాత ఎందుకు దిగజారింది? రెండో దశలో మూడింట రెండొంతుల ఖర్చు రాష్ట్రం భరించాల్సి ఉండగా, ఆ వాటా విడుదల మీద ఏళ్ల తరబడి తగవు నడిచింది. 2012 - 13లో మంజూరైన దశలో మేడ్చల్ సర్వీసు మొదలయ్యేసరికి 2023 ఏప్రిల్ వచ్చింది. అంతకన్నా పెద్ద కారణం, ఎంఎంటీఎస్‌కు సొంత పట్టా లేదు, సొంత వేళపై హక్కూ లేదు. ఎక్స్‌ప్రెస్‌లకు దారి ఇస్తూ వెనక్కి జరిగి జరిగి, ఏ బండి ఎప్పుడొస్తుందో తెలియని స్థితికి వచ్చాక జనం బైకులు కొనుక్కున్నారు, మెట్రో ఎక్కారు. చెన్నైని చూడండి. 1931 మే నెలలోనే బీచ్ - తాంబరం మధ్య విద్యుత్ లోకల్ రైళ్లు మొదలయ్యాయి, వాటికి విడిగా లైన్లు వేశారు. ఆ విడి లైన్లే తొంభై ఏళ్లుగా ఆ సేవను కాపాడుతున్నాయి. కాబట్టి ఎంఎంటీఎస్ అనుభవం లోకల్ రైలు వద్దని చెప్పడం లేదు. హక్కులేని లోకల్ రైలు నిలవదని చెబుతోంది. విశాఖలో నాలుగో లైను వస్తున్న ఈ సమయంలో ఈ తేడా గమనించకపోతే హైదరాబాద్ ఇరవై ఏళ్లలో నేర్చుకున్నదాన్ని మనం మరో ఇరవై ఏళ్లు పెట్టి నేర్చుకోవాల్సి వస్తుంది.

నష్టాల సంగతేమిటని రైల్వే అడుగుతుంది. సబర్బన్ సర్వీసుల్లో టికెట్ రాబడి ఖర్చుకు చాలదు, అది ఎక్కడైనా అంతే. ఆ లోటును రైల్వే ఒక్కదాని నెత్తిన రుద్దడం న్యాయం కాదు, దాన్ని సాకుగా చేసుకుని రైల్వే చేతులు దులుపుకోవడమూ న్యాయం కాదు. ముంబైలో 1999లో రైల్వే, మహారాష్ట్ర ప్రభుత్వం 51:49 నిష్పత్తిలో కలిసి ఒక సంస్థనే పెట్టుకున్నాయి. బెంగళూరు సబర్బన్ ప్రాజెక్టుకు 2020లో కేంద్రం ఆమోదం దొరికింది, 148 కిలోమీటర్లకు 15,767 కోట్ల అంచనా. విశాఖకు అంత పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు. కొన్ని మెమూ బళ్లు, వాటి నిర్వహణకు షెడ్డు, చిన్న స్టేషన్లలో ప్లాట్‌ఫాంల ఎత్తు పెంచడం, పాదచారుల వంతెనలు, కొత్త కాలనీల దగ్గర రెండు మూడు హాల్టులు... చాలావరకు పని అంతే. ఈ ఖర్చును రైల్వే, రాష్ట్రం, ఈ మార్గం పక్కన భూముల విలువ పెరిగి లాభపడే పరిశ్రమలు పంచుకోవచ్చు. ఫ్లైఓవర్ల మీద, రోడ్డు వెడల్పుల మీద పెడుతున్నదాంతో పోలిస్తే ఇది తలకు మించిన భారం కాదు. రోడ్డు ప్రమాదాల్లో పోయే ప్రాణాలు, కాలిపోయే ఇంధనం ఏ లెక్కలోనూ రాకపోవడం వల్లనే రోడ్డు చవగ్గా, రైలు ఖరీదుగా కనిపిస్తున్నాయి.

ఈ పని ఇప్పుడే ఎందుకంటే, నిర్ణయం తీసుకునే చోటు విశాఖకు వచ్చింది. దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రకటించింది 2019 ఫిబ్రవరిలో. ప్రధాన కార్యాలయానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్‌ను రెండుగా విడదీసి, దాదాపు 410 కిలోమీటర్ల భాగాన్ని విశాఖపట్నం డివిజన్‌గా కొత్త జోన్‌లో ఉంచింది. కొత్తవలస - కిరండూల్ మార్గం రాయగడ డివిజన్‌కు వెళ్లింది. పలాస నుంచి దువ్వాడ దాకా ప్రధాన మార్గం, ఉత్తర సింహాచలం - దువ్వాడ బైపాస్, వడ్లపూడి లైను విశాఖ డివిజన్‌లోనే ఉన్నాయి. దువ్వాడ దాటాక అనకాపల్లి కొమ్మ విజయవాడ డివిజన్‌ది. ఇకపై రెండు డివిజన్లూ ఒకే జోన్ కింద ఉంటాయి. ఇన్నాళ్లూ విజయనగరం కొమ్మ భువనేశ్వర్ పరిధిలో, అనకాపల్లి కొమ్మ సికింద్రాబాద్ పరిధిలో ఉండటంతో రెండు కొమ్మల మీదా ఒకే టైంటేబుల్ వేయాలంటే రెండు జోన్లు ఒప్పుకోవాల్సి వచ్చేది. ఆ అడ్డంకి తొలగుతోంది. కొత్త జోన్ ఈ ప్రాంత ప్రజలకు ఏం తెచ్చిందని అడిగితే చూపించడానికి ఇంతకన్నా స్పష్టమైన ఫలితం మరొకటి ఉండదు.

విశాఖపట్నం, అనకాపల్లి, విజయనగరం లోక్‌సభ సభ్యులు ముగ్గురూ కలిసి జోన్ జనరల్ మేనేజర్ ముందు ఒకే కాగితం పెట్టాలి. అందులో వందేభారత్‌లు, కొత్త ఎక్స్‌ప్రెస్‌ల కోరికల కన్నా ముందు మూడు విషయాలుండాలి: నాలుగో లైను, ఫ్లైఓవర్ పూర్తయ్యే నాటికి పొద్దున, సాయంత్రం లోకల్ రైళ్లకు కేటాయించే పాత్‌ల సంఖ్య, ఆ సెక్షన్లలో కవచ్ పూర్తిచేసే గడువు, ఖర్చులో రాష్ట్రం వాటా. పెందుర్తిలో, కొత్తవలసలో, తాడిలో, అనకాపల్లిలో రోజూ బస్సు కోసం నిలబడేవాళ్లు ఆ కాగితం ఎక్కడిదాకా వచ్చిందని తమ ఎంపీని అడగాలి. నాలుగో లైను ప్రారంభోత్సవం అయ్యాక కాదు, ఇప్పుడే.